చైనీస్ మాట్లాడేవాళ్ళకి ఇంగ్లీష్ గ్రామర్, రీడింగ్ కలిపి ప్రాక్టీస్ చేయించడం ఎలా (స్టెప్ బై స్టెప్)

ఆన్‌లైన్‌లో చైనా వాళ్ళకి ఇంగ్లీష్ ట్యూషన్ చెప్పే మనవాళ్ళ కోసం, సింగపూర్‌లోనో ఆస్ట్రేలియాలోనో చైనా క్లాస్‌మేట్‌తో కలిసి చదువుకునేవాళ్ళ కోసం, చైనాలో ఎంబీబీఎస్ చేస్తూ అక్కడి ఫ్రెండ్‌కి ఇంగ్లీష్ నేర్పుతా అని మాటిచ్చి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీని మన పిల్లల కోసం రాస్తున్నా. గ్రామర్ బుక్ తీసి టెన్సెస్ చాప్టర్ నుంచి మొదలుపెడదాం అనుకుంటున్నారేమో, వద్దు. రూల్స్ వాళ్ళకి మనకంటే బాగా వచ్చు, పాస్ట్ పర్ఫెక్ట్ ఎప్పుడు వాడాలో అడిగితే డెఫినిషన్ గడగడా అప్పజెప్తారు, కానీ అదే టెన్స్ ఒక పేరాగ్రాఫ్ మధ్యలో కనపడితే కన్ను దాని మీద ఆగదు. గ్రామర్ ఒక నోట్‌బుక్‌లో, రీడింగ్ ఇంకో నోట్‌బుక్‌లో పెట్టి ఏళ్ళ తరబడి చదివారు మరి. మనం చెయ్యాల్సిందల్లా ఆ రెండిటినీ ఒకే పేరాలో కూర్చోబెట్టడం, కింద స్టెప్పులన్నీ దానికోసమే.

ముందు: ఏ పరీక్ష నుంచి వచ్చారో అడగండి

ఇది అడక్కుండా మొదలుపెడితే టైమ్ వేస్ట్. స్కూల్ అయ్యాక జూన్‌లో రాసే గావ్‌ఖావ్ ఎంట్రన్స్‌లో ఇంగ్లీష్‌కి 150 మార్కులు, ఎక్కువ ప్రావిన్సులు రాసే పేపర్‌లో రీడింగ్‌కే 50 ఉంటాయి, ఒక పాసేజ్‌లో పది ఖాళీలు ఇచ్చి గ్రామర్ ప్రకారం నింపమనే సెక్షన్ వేరే ఉంటుంది. కాలేజీలో సెట్ (కాలేజ్ ఇంగ్లీష్ టెస్ట్) ఫోర్, సెట్ సిక్స్ అని రెండు పరీక్షలు, మొత్తం 710కి 425 వస్తే పాస్ అయినట్టు లెక్క, అందులో రీడింగ్ వాటా 35 శాతం. పీజీ ఎంట్రన్స్ ఖావ్‌యెన్ అయితే ఇంకా ఘోరం, 100 మార్కుల పేపర్‌లో నాలుగు పాసేజ్‌లకే 40, వాక్యాలు ఒక్కోటి మూడు నాలుగు లైన్లు. అలాంటి వాక్యాలకి అక్కడి స్టూడెంట్స్ పెట్టుకున్న పేరు ఛాంగ్ నాన్ జ్యూ, అంటే పొడుగాటి కష్టమైన వాక్యం అని. ఈ మాట మీరు అంటే చాలు, వాళ్ళ మొహంలో 'హమ్మయ్య ఈ టీచర్‌కి మా కష్టం తెలుసు' అన్న ఫీలింగ్ వచ్చేస్తుంది.

ఇంకో సంగతి, 2021 జులైలో చైనా ప్రభుత్వం స్కూల్ పిల్లల ప్రైవేట్ ట్యూషన్ల మీద గట్టి ఆంక్షలు పెట్టింది, విదేశాల్లో కూర్చున్న టీచర్లతో పిల్లలకి పాఠాలు చెప్పించడం కూడా ఆపించింది. అందుకే ఇక్కడ చెప్పేదంతా కాలేజీ వాళ్ళనీ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళనీ దృష్టిలో పెట్టుకునే.

స్టెప్ 1: పాసేజ్ ఎంచుకోవడం

200 నుంచి 300 పదాల పాసేజ్ చాలు. వంద పదాల్లో తెలియనివి మూడు నాలుగు మించితే పక్కన పెట్టెయ్యండి, ఎందుకంటే అప్పుడు ప్రాక్టీస్ అయ్యేది గ్రామరూ కాదు రీడింగూ కాదు, డిక్షనరీ వెతకడం. మీ స్టూడెంట్ చైనా లోపల ఉంటే గూగుల్ డాక్స్ లింక్ పంపి 'ఓపెన్ అయిందా' అని అడక్కండి, అవ్వదు. వికీపీడియా కూడా అక్కడ బ్లాక్. టెక్స్ట్ కాపీ చేసి ఈమెయిల్‌లో పంపడం ఈజీ, ఇండియా బయట ఉన్నవాళ్ళైతే విచాట్‌లో పంపొచ్చు, టెన్సెంట్ డాక్స్‌లో పెట్టొచ్చు (విచాట్ మన దగ్గర 2020 నుంచి బ్యాన్). క్లాస్‌కి కూడా ఇండియా బయట ఉన్నవాళ్ళు వూవ్ మీటింగ్ వాడొచ్చు, అది టెన్సెంట్ మీటింగ్‌కి బయటి దేశాల వెర్షన్, మన దగ్గర అదీ బ్యాన్. చైనా డైలీ, సిక్స్త్ టోన్ లాంటి అక్కడి ఇంగ్లీష్ పత్రికల వార్తలు మొదట్లో బాగా పనికొస్తాయి, విషయం ముందే తెలిసుంటుంది కాబట్టి బుర్ర మొత్తం వాక్యం మీద పెట్టొచ్చు. రెండు మూడు వారాలయ్యాక మాత్రం తెలియని విషయాలకి మారాలి, లేకపోతే చదవకుండా ఊహించి ఆన్సర్ పెట్టడం అలవాటైపోతుంది.

వర్డ్ లిస్టుల గురించి ఒక్క మాట. అక్కడ వొకాబులరీ పుస్తకాల్లో ఆల్ఫాబెట్ ప్రకారం మొదటి పదం అబాండన్, దాని మీద పెద్ద జోకే ఉంది, అందరూ ఆ పదం నేర్చుకుని ఆ పదం చెప్పినట్టే పుస్తకాన్ని వదిలేస్తారని. లిస్ట్ చదువుకోనివ్వండి, ఆపమని గొడవపడక్కర్లేదు, కానీ మీ క్లాస్ టైమ్ దానికి ఇవ్వకండి.

స్టెప్ 2: మొదటిసారి డిక్షనరీ లేకుండా చదవడం

ఫోన్‌లో యౌదావ్ డిక్షనరీ మూసేయించండి. టైమర్ పెట్టి ఒకసారి చివరిదాకా చదివించి, 'ఎవరు ఏం చేశారు, చివరికి ఏమైంది' అన్నది రెండు వాక్యాల్లో చెప్పమనండి. 'అర్థమైందా' అని మాత్రం అడక్కండి, టీచర్ అడిగితే లేదనడం మన క్లాసుల్లోలాగే వాళ్ళకీ మొహమాటం, తలూపేస్తారు. ఇంగ్లీష్‌లో చెప్పలేకపోతే చైనీస్‌లో టైప్ చెయ్యమని మీరు ట్రాన్స్‌లేట్ యాప్‌లో చూసుకోండి, సారాంశం వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

స్టెప్ 3: వెర్బులు లెక్కపెట్టించడం (ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టండి)

చైనీస్‌లో వెర్బ్ మారదు. నిన్న వెళ్ళినా రేపు వెళ్ళినా ఆమె వెళ్ళినా వాళ్ళు వెళ్ళినా అదే వెర్బ్. పైగా రెండు మూడు వెర్బులు పక్కపక్కన పెట్టేస్తే చాలు, నేను వెళ్ళు షాపు కొను సామాన్లు అన్నట్టు, మధ్యలో అతుకేమీ అక్కర్లేదు. మనకేమో 'వెళ్ళి కొన్నాను' అన్నప్పుడు వెళ్ళి అనేది పూర్తికాని క్రియ, కొన్నాను ఒక్కటే వాక్యాన్ని ముగించే క్రియ, ఆ తేడా చెవికి పుట్టుకతోనే వచ్చేసింది. వాళ్ళకి ఈ తేడా కంటికి కనపడేలా చేయించాలి.

బోర్డు మీద ఈ వాక్యం రాయండి: ది ఇంజనీర్స్ ట్రైన్డ్ ఇన్ షెన్‌జెన్ మూవ్డ్ టు హనోయ్. చాలామంది దీన్ని ఇంజనీర్లు షెన్‌జెన్‌లో ట్రైనింగ్ ఇచ్చారు, తర్వాత హనోయ్ వెళ్ళారు అని చదువుతారు. రెండు వెర్బులు వరసగా కనపడ్డాయి కదా, వాళ్ళ భాషలో అది మామూలే. అసలు అర్థం షెన్‌జెన్‌లో ట్రైనింగ్ తీసుకున్న ఇంజనీర్లు హనోయ్‌కి మారారు అని. ఇప్పుడు రూల్ చెప్పకుండా ఒక టెస్ట్ చూపించండి: ట్రైన్డ్ తీసేసి ఆ చోట చూజ్ అనే వెర్బ్ పెట్టమనండి, దానికి పాస్ట్ చోజ్, మూడో ఫామ్ చోజెన్, రెండూ వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఏది పడుతుందో చూస్తే విషయం బయటపడుతుంది. ఇంజనీర్స్ చోజెన్ ఇన్ షెన్‌జెన్ మూవ్డ్ అంటే కుదురుతుంది, చోజ్ పెడితే వాక్యం విరిగిపోతుంది. అంటే అక్కడున్నది అసలు వెర్బ్ కాదు, ఇంజనీర్లు ఎవరో చెప్పే ముక్క. అసలు వెర్బ్ మూవ్డ్ ఒక్కటే.

దీన్ని రోజూ చేయించే పద్ధతి: పేరాలో టెన్స్ ఉన్న ప్రతి వెర్బ్ కింద గీత, ఇంగ్, టు, మూడో ఫామ్ ఒంటరిగా ఉన్నవాటికి సున్నా. తర్వాత గీతలు లెక్కపెట్టి, ప్రతి గీతకీ ఎవరు చేశారో బాణం వెయ్యాలి. వాక్యంలో గీతలు రెండు ఉండి, వాటిని కలిపే అండ్, విచ్, బికాజ్ లాంటివి ఏవీ కనపడకపోతే, ఒకటి సున్నా అయినా అయ్యుండాలి, లేకపోతే కలిపే మాట దాక్కుని అయినా ఉండాలి. ఇదే అలవాటు వాళ్ళ రైటింగ్‌ని కూడా బాగుచేస్తుంది, దేర్ ఆర్ మెనీ పీపుల్ లైక్ దిస్ సిటీ అని రాస్తారు చూడండి, అక్కడ గీతలు రెండు, కలిపేది లేదు, వాళ్ళే పట్టుకుని హూ అని పెట్టేస్తారు.

స్టెప్ 4: పొడుగాటి వాక్యాన్ని విడగొట్టడం

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక అడ్వాంటేజ్ ఉంది, ఎవరూ వాడుకోరు. ఈ వాక్యం చూడండి: ది రిపోర్ట్ ది మేనేజర్ హూ లెఫ్ట్ లాస్ట్ మంత్ రోట్ వాజ్ నెవర్ సెంట్ టు ది క్లయింట్. తెలుగులో చెప్పండి, పోయిన నెల మానేసిన మేనేజర్ రాసిన రిపోర్టు. చైనీస్‌లో చెప్తే షాంగ్ గ యువె జౌ ద జింగ్‌లీ సియె ద బావ్‌గావ్, సరిగ్గా మన వరసే, పోయిన నెల, మానేసిన, మేనేజర్, రాసిన, రిపోర్టు. మనకి మానేసిన, రాసిన అని రెండుసార్లు 'ఇన' వస్తే వాళ్ళకి 'ద' రెండుసార్లు వస్తుంది. రైలులా చూస్తే రిపోర్టు ఇంజన్, దాన్ని వివరించే ముక్కలు పెట్టెలు, రెండు భాషల్లోనూ పెట్టెలన్నీ ముందు నడిచి ఇంజన్ చివర వస్తుంది, ఇంగ్లీష్‌లో ఇంజన్ ముందు, పెట్టెలు వెనకాల. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న టీచర్‌కి ఇందులో కష్టమేంటో అర్థం కాదు, మీకు వెంటనే అర్థమవుతుంది, చిన్నప్పుడు మీరూ దాటొచ్చిందే కదా.

చేయించాల్సింది ఇలా. మొదట గీతలు: లెఫ్ట్, రోట్, వాజ్ సెంట్, మొత్తం మూడు. బాణాలు: లెఫ్ట్ చేసింది మేనేజర్, రోట్ చేసింది కూడా మేనేజరే, వాజ్ సెంట్ రిపోర్ట్‌ది. ఇక రిపోర్ట్ అనే మాట తర్వాత బ్రాకెట్ తెరిచి రోట్ దగ్గర మూసెయ్యండి, లోపల మేనేజర్ తర్వాత ఇంకో చిన్న బ్రాకెట్. రెండు బ్రాకెట్లూ చేత్తో మూసి చదివితే మిగిలేది రిపోర్ట్ వాజ్ నెవర్ సెంట్ టు ది క్లయింట్. ఇది వచ్చాకే బ్రాకెట్ తెరిచి లోపలిది చదవాలి. చాలామంది తప్పు ఎక్కడ చేస్తారంటే, వాక్యం చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి, పెట్టెలన్నీ ఎత్తి ముందు పెట్టుకుని, మనసులో పూర్తి చైనీస్ వాక్యం తయారుచేసుకుని అప్పుడు ముందుకెళ్తారు. ఆన్సర్ కరెక్టే వస్తుంది కానీ నాలుగు పాసేజ్‌లకి టైమ్ సరిపోదు. దీనికి మందు, ఎడమ నుంచి కుడికే అర్థం చేసుకోవడం: రిపోర్టు, (ఏ రిపోర్టు?) మేనేజర్ రాసింది, (ఏ మేనేజర్?) పోయిన నెల మానేసినాయన, ఆ రిపోర్టు పంపనేలేదు. ఇలా మధ్యలో ప్రశ్న వేసుకుంటూ ముక్కలుగా పైకి చదివించండి. చైనా స్కూళ్ళల్లో పొద్దున్నే గట్టిగా చదివించే పీరియడ్ ఉంటుంది కాబట్టి పైకి చదవడానికి వాళ్ళకి సిగ్గేమీ ఉండదు, మనవాళ్ళతో పోలిస్తే ఇది నిజంగా హాయి.

స్టెప్ 5: టెన్స్‌ని అర్థంతో ముడిపెట్టడం

చైనీస్‌లో 'ల' అని ఒక చిన్న మాట ఉంది, పని అయిపోయింది అని చెప్పడానికి వాడతారు, చాలామంది దాన్నే పాస్ట్ టెన్స్ అనుకుని ఇంగ్లీష్‌లో ఈడీ అతికిస్తారు. కానీ రేపు తిన్నాక బయల్దేరతా అన్నా కూడా అక్కడ 'ల' వస్తుంది, అంటే అది కాలం గురించి కాదు, పని పూర్తవడం గురించి. కాలం చెప్పడానికి నిన్న, రేపు అనే మాట ఒకటి వాక్యంలో పడేస్తే చాలు వాళ్ళకి. అందుకే ఎస్టర్‌డే కనపడితే పాస్ట్ పెడతారు, అది ముందు వాక్యంలో ఉండి ఈ వాక్యంలో లేకపోతే వెంటనే ప్రెజెంట్‌లోకి జారిపోతారు.

కాబట్టి విడి వాక్యాల్లో ఖాళీలు నింపించడం మానెయ్యండి, పేరా మొత్తం ఇవ్వండి, ప్రతి వెర్బ్‌నీ ఒక టైమ్‌లైన్ గీత మీద ఎప్పుడు జరిగిందో పెట్టించండి. తర్వాత ఇలాంటి జంటలు చూపించండి: వెన్ ఐ రీచ్డ్, ది మీటింగ్ స్టార్టెడ్. వెన్ ఐ రీచ్డ్, ది మీటింగ్ హాడ్ స్టార్టెడ్. ఇప్పుడు గ్రామర్ పేరెత్తకుండా ఒక్కటే అడగండి, మీటింగ్‌లో మొదటి మాటలు విన్నాడా లేదా? మొదటిదాంట్లో విని ఉంటాడు, రెండోదాంట్లో మిస్ అయ్యాడు. అప్పటిదాకా హాడ్ అనేది మార్కుల కోసం పెట్టే అలంకారం అనుకున్నవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు. ఇలాంటి ప్రశ్నలు మీరే తయారుచెయ్యండి, పాసేజ్ ఏదైనా సరే రెండు మూడు దొరుకుతాయి.

స్టెప్ 6: ఎ, ది, హీ, షీ

ఆర్టికల్స్ చైనీస్‌లో లేవు, మనకీ లేవు, కాబట్టి ఇక్కడ గురువుగారూ శిష్యుడూ ఒకే పడవ. వందల రూల్స్ జోలికి పోకుండా ఒకటే పట్టుకోండి: ఎ వస్తే కథలోకి కొత్త మనిషో వస్తువో వచ్చింది, ది వస్తే అది ఎవరో ఏంటో చదివేవాడికి తెలుసని రాసినవాడి నమ్మకం. చదివేటప్పుడు ప్రతి ది దగ్గర ఆగి ఇది మనకి ఎలా తెలుసు అని అడిగించండి, ముందు వాక్యంలో వచ్చిందా, లేక వెనకాల వివరణ ఉందా, లేక సూర్యుడు లాగా ఒక్కటే ఉందా. ఎగ్జాంపుల్ కావాలంటే షీ మెట్ ఎ డాక్టర్ అండ్ రైటర్, షీ మెట్ ఎ డాక్టర్ అండ్ ఎ రైటర్, ఎంతమందిని కలిసింది? మొదటిది ఒక్కరినే, రెండోది ఇద్దరిని. ఒక్క అక్షరంతో మనిషి పెరిగాడు.

హీ, షీ సంగతి వేరు. చైనీస్ రాతలో రెండూ వేరుగా ఉన్నా పలికేది మాత్రం థా అని ఒకటే, అందుకే మాట్లాడేటప్పుడు వాళ్ళమ్మ గురించి చెప్తూ హీ అనేస్తారు, నవ్వకండి. రీడింగ్‌లో దీనికి చేసేది తేలిక: ప్రతి హీ, షీ, ఇట్, దిస్, దోజ్ నుంచి వెనక్కి అది ఎవరిదో అక్కడిదాకా గీత గీయించడం. గావ్‌ఖావ్‌లో ఏడు వాక్యాలిచ్చి ఐదు ఖాళీల్లో పెట్టమనే సెక్షన్ ఉంది, దానికి ఇంతకంటే మంచి ప్రాక్టీస్ నాకు తెలీదు, ఎందుకంటే సరైన వాక్యం చాలాసార్లు ఈ చిన్న మాటల వల్లే దొరుకుతుంది.

స్టెప్ 7: తప్పుల నోట్‌బుక్‌ని మార్చడం

చైనా స్టూడెంట్స్ దగ్గర తప్పుల నోట్‌బుక్ ఉంటుంది, తప్పు చేసిన ప్రశ్న, దాని కరెక్ట్ ఆన్సర్ నీట్‌గా రాసుకుంటారు, కొంతమందివి చూస్తే ప్రింట్ చేసినట్టుంటాయి. మంచి అలవాటే కానీ ప్రశ్న మళ్ళీ రాదు కదా. అందుకని ప్రశ్న వద్దు, పాసేజ్‌లో ఏ వాక్యం దగ్గర దెబ్బతిన్నారో ఆ వాక్యం ఒక్కటీ రాసి, పక్కన కారణం రాయించండి: అసలు వెర్బ్ దొరకలేదు, ది ఎవరిదో తెలీలేదు, టెన్స్ పట్టించుకోలేదు, పదం తెలీదు, లేదా ఆప్షన్‌లో పాసేజ్‌లో ఉన్న మాటే కనపడేసరికి దాన్నే పెట్టేశా. ఈ చివరిది చాలా ఎక్కువ, క్వశ్చన్‌లో మాట వెతికి పాసేజ్‌లో అదే మాట ఉన్న చోటు పట్టుకోవడం కోచింగ్‌లో నేర్పిస్తారు, పేపర్ సెట్ చేసేవాళ్ళకి అది తెలుసు కాబట్టి తప్పు ఆప్షన్‌లోనే ఆ మాటలు వేస్తారు. నెలయ్యాక కారణాలు లెక్కపెడితే ఏ స్టెప్ మీద ఇంకా కూర్చోవాలో దానంతటదే తెలుస్తుంది.

స్టెప్ 8: చదివింది తిరిగి రాయించడం

పాసేజ్ మూసి ఐదారు వాక్యాల్లో రాయించండి. ఇక్కడ చూడాల్సినవి మూడే. బికాజ్ పెట్టి మళ్ళీ సో, ఆల్‌దో పెట్టి మళ్ళీ బట్ పెడతారు, చైనీస్‌లో ఆ రెండూ జంటగా రావడమే పద్ధతి, ఒకటి కొట్టేయించండి చాలు. రెండోది కామా, వాళ్ళ భాషలో కామాలతో వాక్యం ఎంతదూరమైనా పోతుంది (నేనూ ఈ పోస్ట్‌లో అదే చేస్తున్నా అనుకోండి), ఇంగ్లీష్‌లో మాత్రం స్టెప్ 3లో గీతలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి ఫుల్‌స్టాప్ పెట్టించాలి. మూడోది ఐ వెరీ టైర్డ్ లాంటివి, అక్కడ యామ్ ఎగిరిపోతుంది, మనకీ 'నేను బాగా అలసిపోయా' లో యామ్ ఏమీ లేదు కదా.

మాట్లాడేటప్పుడు ఇంకోటి తగులుతుంది, హావెంట్ యు ఫినిష్డ్ అంటే యెస్ అంటారు, అంటే అవ్వలేదని. 'ఇంకా అవ్వలేదా?' 'అవును, అవ్వలేదు' అన్నట్టే, మనకి కొత్తేం కాదు.

స్టెప్ 9: అంకెలు, టైమ్, వారం ప్లాన్

పెద్ద అంకెలు ఉన్న పాసేజ్ వారానికొకటైనా ఇవ్వండి. చైనీస్‌లో పదివేలకి వాన్, పది కోట్లకి యీ, మధ్యలో మిలియన్ అనే మెట్టే లేదు. మనం లక్షలు కోట్ల నుంచి మిలియన్‌కి మారేటప్పుడు ఎలా తడబడతామో వాళ్ళూ అంతే. ఒక మిలియన్ అంటే వంద వాన్, మనకి పది లక్షలు, 1.4 బిలియన్ అంటే 14 యీ, మనకి 140 కోట్లు, ఈ పట్టిక ఇద్దరూ ఎదురుగా పెట్టుకోండి.

చైనా మొత్తానికి ఒకటే టైమ్, మనకంటే రెండున్నర గంటలు ముందు. వాళ్ళకి రాత్రి తొమ్మిదంటే మనకి ఆరున్నర, ఉద్యోగాలు చేసేవాళ్ళకి ఆ టైమ్ బాగా కుదురుతుంది. వారానికి రెండు పాసేజ్‌లు మించి పెట్టకండి. ఒకరోజు స్టెప్ 2 నుంచి 4 దాకా, మర్నాడు అదే పాసేజ్ మీద 5, 6, ఆ తర్వాత రోజు ప్రశ్నలూ రాతా. పరీక్షకి నెల ఉందనగా మాత్రం గీతలూ బాణాలూ పెన్‌తో వెయ్యడం ఆపించి కంటితోనే చేయించండి, వారానికి ఒక పాత పేపర్ పూర్తి టైమ్ పెట్టి రాయించండి. పాత పేపర్లు వాళ్ళ దగ్గర మీకంటే ఎక్కువే ఉంటాయి, అడిగితే పీడీఎఫ్‌ల గుట్ట పంపిస్తారు, అందులోంచి ఈ మధ్యవి నాలుగైదు తీసుకుంటే సరిపోతుంది.